మందస కొండల్లో పులికంప తీయించడం: టీమ్‌ని తీసుకెళ్ళేవాళ్ళకి మొదటి నుంచి చివరిదాకా

మొదటి ఏడాది నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. మే నెలలో పదిహేను మందిని పెట్టి, రెండు వారాలు ఎండలో మాడి, శ్రీకాకుళం జిల్లా మందస అవతల ఒక కొండ వాలు మీద ఆరెకరాల పులికంప, అంటే లాంటనా పొదలు, కత్తులతో నరికించేశా. ఫోటోలు భలే వచ్చాయి. మాతో వచ్చిన సవర గిరిజన పెద్దాయన ఆఖరి రోజు చుట్ట వెలిగించుకుని "ఏటి బావూ, కొండకి క్షవరం చేయించావు, మల్లీ పెరిగిపోద్ది కదా" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నా. అక్టోబరులో వెళ్ళి చూస్తే ఒక్కో మోడుకి ఏడెనిమిది పిలకలు, ముందు మనిషి దూరే సందైనా ఉండేది, ఇప్పుడు మేక కూడా దూరదు. ఆ ఆరెకరాలు మళ్ళీ దారికి తేవడానికి నాకు ఇంకో మూడేళ్ళు పట్టింది.

కాబట్టి ఈ గైడ్ ఆ తప్పు దగ్గర నుంచే మొదలుపెడతా. నరకడం ఎవరైనా చేస్తారు, మూడేళ్ళు వరసగా అదే చోటికి అదే మనుషుల్ని తీసుకెళ్ళడమే అసలు కష్టం. ప్లాన్ మొత్తం దాని చుట్టూనే వేసుకోవాలి.

ముందు ఏ మొక్కో తెలియాలి

మన వైపు కొండల్లో ఎక్కువ ఏడిపించేది లాంటనా. పులికంప అంటారు, కొందరు తలంబ్రాల మొక్క అంటారు, ఒకే గుత్తిలో పసుపూ గులాబీ పూలు, చిన్న నల్ల కాయలు, ఆకు నలిపితే ఘాటు వాసన. అమెరికా ఖండం మొక్క, 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో అందం కోసం పెట్టారు, ఇప్పుడు చూస్తే మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా, అంటే 1.54 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా పాకిందని 2020లో ఒక స్టడీ లెక్క కట్టింది. కాయలు పిగిలిపిట్టలూ గోరింకలూ తిని చెట్ల మీద కూర్చుని రెట్ట వేస్తాయి, అందుకే పెద్ద చెట్టు కింద ఎప్పుడూ పిల్ల మొక్కలు గుంపుగా ఉంటాయి. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

రెండోది క్రోమోలీనా. ఆకు మీద మూడు నరాలు త్రిశూలంలా కనిపిస్తాయి, చలికాలంలో తెల్లటి పూలు, తర్వాత దూది లాంటి గింజలు గాలికి ఎగిరిపోతాయి. దెబ్బ తగిలితే ఈ ఆకు పసరే పిండుతారు, అంచేత "మంచి మందు మొక్క కదా, ఎందుకు పీకడం" అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే చెప్పండి, మందుకి నాలుగు మొక్కలు చాలు, కొండ మొత్తం అక్కర్లేదు అని. మూడోది వయ్యారిభామ, ఇది లోపలి అడవిలో తక్కువ, రోడ్డు పక్కనా ఊరి బీళ్ళలోనూ ఎక్కువ, ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లూ ఆయాసమూ వస్తాయి.

ఒక్కోదానికి ఒక్కో పద్ధతి, ఒక్కో సీజన్. అన్నీ ఒకేసారి తీసేద్దామని వెళ్తే ఏదీ తీయలేం.

కాగితం లేకుండా అడుగు పెట్టొద్దు

రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అధికారి డీఎఫ్‌ఓ దగ్గర నుంచి రాతపూర్వకంగా పర్మిషన్, రేంజ్ ఆఫీసులో కాపీ, బీట్ ఆఫీసర్‌కి ఏ రోజు ఎంతమందో ముందే ఫోన్. గొడ్డళ్ళూ గునపాలూ పట్టుకుని పదిమంది అడవిలోకి వెళ్తుంటే కలప దొంగలనుకోవడంలో తప్పేం లేదు, ఆ కాగితం జిరాక్స్ ప్రతి గ్రూపు లీడర్ సంచిలో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఇచ్చిన పోడు భూమైతే ఆ కుటుంబాన్ని అడగాలి, సామూహిక హక్కు ఉన్న చోటైతే గ్రామసభని అడగాలి. ఇంకో మాట, జిల్లాలు 2022 ఏప్రిల్‌లో మారిపోయాయి, సీతంపేట, కురుపాం, సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి, మందస, మెళియాపుట్టి, పాతపట్నం శ్రీకాకుళంలోనే ఉన్నాయి. పాత అలవాటులో తప్పు ఆఫీసుకి వెళ్ళి రెండు రోజులు పోగొట్టుకున్నవాణ్ణి నేనే.

చోటు ఎంచుకోవడం

అందరూ చేసే పొరపాటు, బాగా దట్టంగా ఉన్న చోట మొదలుపెట్టడం. చూడ్డానికి అదే పెద్ద సమస్యలా ఉంటుంది కదా. తిరగేసి చేయండి. కొండ మీద మంచి అడవి ఇంకా మిగిలిన చోటు చూసుకుని, దాని అంచున అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న పొదలు ముందు తీయించి, అక్కడ నుంచి దట్టమైన వైపుకి ఏడాదికి కొంచెం కొంచెం జరగాలి. అంచున తీసిన చోట మన చెట్ల గింజలు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి ఖాళీ వాటంతట అవే పూడ్చుకుంటాయి, నడిమధ్యలో తీస్తే ఆ ఖాళీలో మళ్ళీ పులికంపే మొలుస్తుంది.

గెడ్డలు, అంటే కొండ వాగులు, ఇంకో ముఖ్యమైన చోటు. పైనుంచి కిందకి రావాలి, ఎందుకంటే వానకి గింజలు నీళ్ళతో కిందకే వస్తాయి, కింద శుభ్రం చేసి పైది వదిలేస్తే ఏటా అదే పని. కానీ గెడ్డ ఒడ్డు మొత్తం ఒకేసారి బోడి చేయకండి, మట్టి కొట్టుకుపోతుంది, ఒక పక్క ఈ ఏడాది, రెండో పక్క వచ్చే ఏడాది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, మందస వైపు ఎన్ని చెట్లు పడ్డాయో మీకు తెలుసు. చెట్టు పడ్డ చోట ఎండ పడుతుంది, ఎండ పడ్డ చోట పులికంప లేస్తుంది. పెద్ద గాలి వచ్చి వెళ్ళాక ఆర్నెల్లలోపు అలాంటి గ్యాపులు తిరిగి చూస్తే పిల్ల మొక్కలు చేత్తోనే వచ్చేస్తాయి, రెండేళ్ళు ఆగితే గునపం కావాలి.

ఎంత చోటు? దట్టంగా ఉన్న వాలు మీద వేరుతో తీసే పద్ధతికి తొమ్మిది మందికి రోజుకి ఇరవై, ఇరవై అయిదు సెంట్లు మించవు, మా అనుభవం అది. ఆ లెక్కన సీజన్‌కి ఎన్ని ఎకరాలో వేసుకుని అందులో సగమే ఒప్పుకోండి, మిగతా సగం రోజులు పాత చోట్ల పిలకలకి పోతాయి.

మనుషులు

తొమ్మిది మంది, ముగ్గురేసి మూడు జట్లు, పైన మీరు. అంతకంటే ఎక్కువైతే కొండ మీద ఎవరెక్కడున్నారో తెలీదు. ఆ ఊరివాళ్ళనే తీసుకోండి, శ్రీకాకుళం నుంచి కూలీలని ఆటోలో తోలుకెళ్తే మధ్యాహ్నానికే కాళ్ళు పట్టేస్తాయి, ఏ బండ కింద ఏముందో వాళ్ళకి తెలీదు. ప్రతి జట్టులో ఆడవాళ్ళు ఉండేలా చూడండి. పిల్ల మొక్కని గుర్తుపట్టడంలో మా జట్టులో ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు, కొండచీపుళ్ళకీ ఆకులకీ తిరిగి తిరిగి ఆ చూపు వాళ్ళకుంది. కూలి మాత్రం మగా ఆడా సమానం, ఇది మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి.

గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందటే సవర భాష నేర్చుకుని డిక్షనరీ రాశారు, మనం కనీసం 'ఆగు', 'పక్కకి జరుగు', 'పాము' అనే మూడు మాటలైనా నేర్చుకుని వెళ్ళాలి. కంగారులో మనిషి నోటికి సొంత భాషే వస్తుంది.

సీజన్ విషయంలో క్యాలెండర్ వాళ్ళది, మనది కాదు. నవంబరులో వరి కోతలు, జనవరిలో సంక్రాంతి, కొన్ని ఊళ్ళలో కందికొత్తలు (కొత్త కందుల పండగ), ఆ తర్వాత చీపుళ్ళు, చింతపండు, మార్చి నుంచి జీడి, ఇప్పపువ్వు. ఇన్నింటి మధ్యలో పులికంపకి దొరికేది డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా, పండగ వారం వదిలేసి. అప్పుడు నేలలో ఇంకా కొంచెం తడి ఉంటుంది, ఎండా తక్కువ. సంత రోజు పని పెట్టకండి, పెట్టినా ఎవరూ రారు, వచ్చినవాళ్ళ మనసు సంతలోనే ఉంటుంది.

సామాన్లు

జట్టుకి ఒక గునపం, ఒక చిన్న గొడ్డలి, ఒక కత్తి, ఒక బొరిగ, ఒక పంగలకర్ర. పంగలకర్ర అడవిలోనే కొట్టుకుంటారు. ఆకురాయి తప్పకుండా, మొద్దు గొడ్డలి కంటే ప్రమాదం ఇంకోటి లేదు, జారి కాలి మీదకే వస్తుంది. మోచేతి దాకా తోలు గ్లవ్స్, ఎందుకంటే పులికంప ముళ్ళు చిన్నవే కానీ కొంకి తిరిగి ఉంటాయి, లోపల విరిగితే చీము పడుతుంది. మోకాలి దాకా బూట్లు కొనిచ్చా ఒకసారి, సగం మంది వాటిని ఇంట్లో దాచుకుని చెప్పుల్లేకుండానే వచ్చారు, కొత్తవి పాడైపోతాయని! అప్పట్నుంచి బూట్లు నా దగ్గరే ఉంచి పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుంటున్నా.

నీళ్ళు మనిషికి కనీసం నాలుగు లీటర్లు. పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగొస్తారు, మీరూ తాగండి, బిస్కెట్ ప్యాకెట్లతో కొండెక్కితే పదింటికి కళ్ళు తిరుగుతాయి. ఓఆర్‌ఎస్, బ్యాండేజీ, ముళ్ళు లాగే చిమటా, ఒక దుప్పటి, రెండు గట్టి వెదురు బొంగులు. ఆ దుప్పటీ బొంగులూ డోలీకి.

గడ్డి మందు మాత్రం వద్దు. కింద ఊరు తాగేది ఆ గెడ్డ నీళ్ళే. పైగా గ్లైఫోసేట్‌ని 2022 అక్టోబరులో కేంద్రం కట్టడి చేసింది, లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదు.

తీసే పద్ధతి, దగ్గరగా

ఇది ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారి టీమ్ కార్బెట్ అడవిలో చేసి చూపించిన పద్ధతి, వేరు మొదలు కోత అనొచ్చు. విషయం ఏటంటే, పులికంపకి కాండం ఆగి వేరు మొదలయ్యే చోట ఒక లావు ముడి ఉంటుంది, పిలకలన్నీ అక్కడి నుంచే వస్తాయి. దానికి పైన ఎంత నరికినా అది క్షవరమే. దాని కింద, మట్టిలో నాలుగు వేళ్ళ లోతున తల్లివేరు తెగితే ఆ పొద పని అయిపోయినట్టే.

ముగ్గురూ ఇలా నిలబడాలి. ఒకరు పంగలకర్రతో కొమ్మల్ని ఒక పక్కకి ఎత్తి పట్టుకుంటారు, వాలుకి పై వైపు నుంచి, కింద వైపు ఎప్పుడూ కాదు. రెండో మనిషి బొరిగతో మొదలు చుట్టూ ఆకులూ మట్టీ లాగేస్తారు, ముడి బయటపడేదాకా, గోధుమ రంగు కాండం కింద వేరు రంగు మారినట్టు కనిపిస్తుంది. మూడో మనిషి అక్కడ గొడ్డలితో రెండు దెబ్బలు, గట్టి పొదైతే నాలుగు. పొద ఊగుతుంది. అప్పుడు పంగలకర్ర మనిషి దాన్ని ఎత్తి తలకిందులుగా, వేర్లు ఆకాశం వైపు ఉండేలా బోర్లిస్తారు. ఇదే అసలు కిటుకు, పక్కకి పడేస్తే తడి తగిలిన కొమ్మ మళ్ళీ వేరు తన్నుతుంది, తలకిందులుగా ఉంటే వారం పదిరోజుల్లో ఎండిపోతుంది. గంటకోసారి ముగ్గురూ పనులు మార్చుకోవాలి, లేకపోతే గొడ్డలి మనిషి భుజం మూడో రోజుకే పోతుంది.

మీరు చేయాల్సిన చెకింగ్ ఒకటే. ప్రతి జట్టు తీసిన వాటిలో పది మొదళ్ళు తిరగేసి చూడండి, ముడి మొత్తం పొదతోనే బయటికి వచ్చిందా, లేక సగం మట్టిలో ఉండిపోయిందా. సాయంత్రం నాలుగింటికి అందరూ పైపైన కొట్టడం మొదలుపెడతారు, నేనూ అంతే, అందుకే ఆఖరి గంటకి కొత్త పొదలు ముట్టనివ్వను, కంప సర్దడమే.

పండిన కాయలున్న పొదైతే ముందు గుత్తులు కోసి గోనెసంచిలో వేయించండి, తర్వాతే వేరు. క్రోమోలీనాకి ఇంత తతంగం లేదు, ఆగస్టు, సెప్టెంబరులో నేల బురదగా ఉన్నప్పుడు పూత రాకముందు వేరుతో చేత్తో పీకేయడమే. వయ్యారిభామా అంతే, గ్లవ్స్‌తో, ముక్కుకి తువ్వాలు కట్టుకుని.

నిప్పు పెట్టేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. పెట్టకండి. పై కొమ్మలు కాలతాయి, ముడి కాలదు, ఒక వానకి రెట్టింపు లేస్తుంది, మధ్యలో మన చెట్ల పిల్లలు మాత్రం చచ్చిపోతాయి.

ఎలుగు, పాము, కందిరీగ

ఉద్దానం వైపు ఎలుగుబంట్ల దాడులు మీకు చెప్పక్కర్లేదు. పగలు అవి పడుకునేది ఇలాంటి పొదల్లోనే. పొద్దున్న మొదటి జట్టు లోపలికి వెళ్ళేముందు డబ్బా కొట్టి, గట్టిగా మాట్లాడుకుంటూ పది నిమిషాలు ఆగాలి, పారిపోయే దారి దానికి వదలాలి, నాలుగు వైపులా మనుషులు నిలబడి మూసేయకూడదు. తాజా పెంటో, తవ్విన పుట్టో కనిపిస్తే ఆ రోజు ఆ పొద వదిలేయండి. రాళ్ళ గుహలాంటివి ఉన్న చోట చుట్టూ కొంత కంప అలాగే ఉంచేస్తాం, ఒకేసారి అంతా తీసేస్తే జంతువు దాక్కోడానికి చోటు లేక జీడి తోటల్లోకి దిగుతుంది. మన్యం జిల్లా వైపు పనిచేసేవాళ్ళైతే ఏనుగులు ఎక్కడున్నాయో ఫారెస్ట్ ట్రాకర్లని అడిగాకే బయల్దేరండి.

పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. మనిషిని నడవనివ్వకుండా, కరిచిన కాలూ చెయ్యీ కదలకుండా డోలీలో రోడ్డుకి తీసుకురావాలి, ఒకరు ముందు పరిగెత్తి సిగ్నల్ ఉన్న చోట 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో, దగ్గర్లో పాము విషానికి ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఏదో మొదటి రోజే వెళ్ళి కనుక్కోండి, కరిచాక కాదు.

నాకు పాముల కంటే కందిరీగలు ఎక్కువ భయం. ఒకసారి పంగలకర్ర ఎత్తగానే తుట్టె రేగింది, ఒక కుర్రాడికి మొహం మీదే పదకొండు కాట్లు, పరిగెత్తబోయి వాలు మీద దొర్లాడు. కొమ్మ ఎత్తేముందు ఒకసారి కర్రతో తట్టి పది లెక్కపెట్టడం అప్పట్నుంచి మా రూలు.

పని చేసి వెళ్ళిన రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే మలేరియా టెస్ట్ చేయించండి, పొదల్లో పనిచేశామని డాక్టర్‌కి చెప్పమనండి. స్క్రబ్ టైఫస్ పొదల్లోని చిన్న నల్లుల్లాంటి పురుగు వల్ల వస్తుంది, ఒంటి మీద ఎక్కడో చిన్న నల్ల మచ్చలాంటి పుండు ఉంటుంది, చూసుకోకపోతే ముదురుతుంది, ముందే చెప్తే మాత్రలతో తేలిగ్గా తగ్గుతుంది.

తీసిన కంప

వాలుకి అడ్డంగా వరసలుగా పేర్చండి, వాన నీటికి చిన్న గట్టులా పనిచేసి మట్టి ఆపుతుంది. పశువుల పాకల దగ్గర వేయకండి, మామూలుగా ముట్టవు కానీ మేత లేని రోజుల్లో తింటే లివర్ పోయి ఎండకి చర్మం ఊడుతుంది. ఎండిన కర్ర పొయ్యికి తీసుకెళ్తారు, తీసుకెళ్ళనివ్వండి. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు దీంతో కుర్చీలూ బుట్టలూ అల్లుతారు, మన వైపు కూడా వెదురు అల్లేవాళ్ళు ఉన్నారు, కానీ ఒకటి చెప్పాలి, అమ్మకం బాగుంటే కంప తీసేవాడు కంపని కాపాడటం మొదలుపెడతాడు. జాగ్రత్త.

ఇంటికి వెళ్ళేముందు బట్టలూ బూట్లూ సంచులూ దులపండి, శుభ్రమైన కొండకి గింజలు మోసుకెళ్ళేది మనమే అవుతాం.

డబ్బులు

ఒకసారి డబ్బులిస్తామన్నవాళ్ళు నాలుగు నెలలు లేట్ చేశారు. ఊళ్ళోవాళ్ళు నన్నే అడుగుతారు కదా, మా బావ దగ్గర అప్పు చేసి కట్టా. రెండు వారాల కూలి చేతిలో లేకుండా ఇప్పుడు పని మొదలుపెట్టను. వారం వారం, సంతకి ముందు రోజు, అందరి ముందూ పేరు చదివి ఇవ్వాలి. సెంట్ల లెక్కన కాంట్రాక్టు ఇవ్వకండి, ఇస్తే ముడి మట్టిలోనే ఉండిపోతుంది. రోజు కూలే మంచిది.

మళ్ళీ వెళ్ళడం

తీసిన ప్రతి ముక్కకీ ఒక నంబర్, మూలల్లో రాళ్ళకి సున్నం, ఫోన్‌లో జీపీఎస్ పాయింట్, ఒకే బండ మీద నిలబడి ఏటా ఒకే వైపు ఫోటో. వానలు మొదలైన ఆరేడు వారాలకి మొదటి తిరుగుడు, జులై చివరో ఆగస్టు మొదట్లోనో, అప్పటికి పిల్ల మొక్కలు జానెడు ఉంటాయి, రెండు వేళ్ళతో వచ్చేస్తాయి. పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద ముందు చూడండి, మొత్తంలో సగం అక్కడే దొరుకుతాయి. దసరా వెళ్ళాక రెండో తిరుగుడు. మొదటి ఏడాది ఎకరానికి తొమ్మిది మందికి ఒక పూట పడుతుంది, రెండో ఏడు నలుగురు చాలు.

ఖాళీ చోట గడ్డి రావాలి, గడ్డి వస్తేనే పులికంప పిల్లకి ఎండ అందదు. పక్క కొండ నుంచి కొండచీపురు దుబ్బులు తెచ్చి నాటాం, ఊరివాళ్ళకి చీపుళ్ళు కూడా వస్తాయి కాబట్టి వాళ్ళే మేకల్ని అటు పోనివ్వకుండా చూసుకుంటున్నారు, నేను చెప్పక్కర్లేకుండా.

పుస్తకంలో ప్రతి ముక్కకీ ఒక పేజీ పెట్టుకోండి. తేదీ, ఎంతమంది, ఎన్ని పిల్ల మొక్కలు, ఎన్ని పిలకలు. పిలకలు ఎక్కువ వస్తే కోత తప్పు, ఆ జట్టుకి మళ్ళీ చూపించాలి. పిల్ల మొక్కలు ఎక్కువైతే కోత బాగానే ఉంది, గింజ ఎక్కడి నుంచి వస్తోందో పైకి ఎక్కి చూడాలి. నా మొదటి ఆరెకరాల పేజీలో మూడో ఏడాది ఆగస్టు తిరుగుడికి పిలకలు తొమ్మిది, పిల్ల మొక్కలు నలభై మూడు. ఆ తొమ్మిదీ పెద్దాయన జట్టు తీసిన వైపు కాదు, నేను గొడ్డలి పట్టుకున్న వైపు.